సమ్మతి నుంచి ధిక్కారానికి: కేథే కోల్విట్జ్ యుద్ధచిత్రాలు

ఆ మధ్య ఒక కవితల పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చోవలసి వచ్చింది. అంశం యుద్ధం – శాంతి. వచ్చిన కవితలు డెబ్బైకి పైనే. వాటిలో సగానికి సగం సైనికుడి తల్లి మీద. కొన్నిటిలో ఆ తల్లి గర్విస్తుంది, కొన్నిటిలో ఏడుస్తుంది. గర్వించే తల్లిని రాసినవారు తమది దేశభక్తి కవిత్వమనుకున్నారు. ఏడ్చే తల్లిని రాసినవారు తమది యుద్ధవ్యతిరేక కవిత్వమనుకున్నారు. నాకు మాత్రం చదువుతున్నకొద్దీ ఇద్దరూ ఒకే తల్లి అనిపించింది. ఇద్దరూ ఏ పనీ చెయ్యరు. కొడుకు వెళతాడు, శవం వస్తుంది, తల్లి గర్విస్తుంది లేదా ఏడుస్తుంది. కొడుకు వెళ్ళేముందు ఆ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారు? ఎవరు వద్దన్నారు, ఎవరు సరేనన్నారు? ఒక్క కవితలో తప్ప ఎక్కడా ఆ ఊసు లేదు. ఆ ఒక్కదాని సంగతి తరువాత చెపుతాను.

ఒకరిని అనేముందు నా సంగతి చెప్పుకోవాలి. 1999లో కార్గిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. వీరమాత మీద ఎనిమిది పద్యాలు రాసి కాలేజీలో బహుమతి తెచ్చుకున్నాను. మా వీధిలో సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దాయన ఒకరు వుండేవారు. కాగితం తీసుకువెళ్ళి చూపించాను. నిదానంగా చదివి, "బాగున్నాయి బాబూ, ఇది ఎవరి తల్లి?" అని అడిగారు. వెటకారంగా అడగలేదు. నిజంగానే ఎవరో తెలిసినవాళ్ళ గురించి రాశాననుకున్నారు. నేను చూసిన తల్లి ఎవరూ లేరు. మంచాల బాలచంద్రుడికి కత్తి అందించి పంపే ఘట్టం చదివివున్నాను, సినిమాలు చూసివున్నాను, అంతే. ఆయనకు జవాబు చెప్పలేకపోయాను.

జర్మన్ చిత్రకారిణి కేథే కోల్విట్జ్ చిత్రాలనూ, ఆమె డైరీ భాగాలనూ చూసినప్పుడు ఆ ప్రశ్న మళ్ళీ ఎదురొచ్చింది. యుద్ధవ్యతిరేక కళ గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా కరుణ గురించి మాట్లాడతాం. కోల్విట్జ్‌ను కూడా కరుణామయి అనే మెచ్చుకుంటారు. అది అర్ధసత్యం అని నా అభిప్రాయం. ఆమె చిత్రాలకు బలం దుఃఖం నుంచి రాలేదు. కొడుకును పంపడానికి తానే సమ్మతించానన్న ఎరుక నుంచి వచ్చింది. ఈ తేడా యువ రచయితలకు అక్కరకు వస్తుందన్న ఆశతో కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆమె 1867లో కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టింది. పుట్టింట్లోనే సోషలిస్టు ఆలోచనలున్నాయి. భర్త కార్ల్ వైద్యుడు, ఉత్తర బెర్లిన్ కార్మికవాడలో కార్మిక కుటుంబాలకు వైద్యం చేసేవాడు. ఆ వైద్యుడి దగ్గరకు వచ్చే ఆడవాళ్ళే ఆమె చిత్రాల్లోకి వచ్చారు. హాప్ట్‌మన్ రాసిన "నేతగాళ్ళు" నాటకం చూసిన ప్రేరణతో 1893–97 మధ్య "నేతగాళ్ళ తిరుగుబాటు" పేరుతో ఆరు చిత్రాలు చేసింది. 1898లో వాటిని ప్రదర్శిస్తే బంగారు పతకం ఇవ్వాలని నిర్ణేతలు సిఫారసు చేశారు, కైజర్ రెండో విల్‌హెల్మ్ ఒప్పుకోలేదు. ఆ తరువాత 1908 నాటికి "రైతుల యుద్ధం" పేరుతో మరో ఏడు పూర్తి చేసింది. ఇదంతా ఎందుకు చెపుతున్నానంటే, 1914 నాటికి ఆమె లోకం తెలియని గృహిణి కాదు. నలభై ఏడేళ్ళ వయసున్న, పాలకుల చేత పతకం పోగొట్టుకున్న కళాకారిణి. అటువంటి మనిషి ఆ సంవత్సరం ఆగస్టులో ఏం చేసిందన్నది చూడాలి.

యుద్ధం మొదలయ్యేటప్పటికి చిన్నకొడుకు పీటర్ స్నేహితులతో నార్వే విహారంలో వున్నాడు. తిరిగి వస్తూనే స్వచ్ఛందంగా సైన్యంలో చేరతానన్నాడు. అతనికి పద్ధెనిమిదేళ్ళు, మైనరు కనుక తండ్రి అనుమతి కావాలి. తండ్రి ససేమిరా అన్నాడు. నిన్ను పిలిచే వంతు ఇంకా రాలేదు కదా అని వాదించాడు. పీటర్ సహాయం కోసం తల్లి వైపు చూశాడు. ఆగస్టు 10 సాయంత్రం ఆమె కొడుకు పక్షాన నిలిచి భర్తను ఒప్పించింది. అక్టోబరు 22 రాత్రి బెల్జియంలోని ఫ్లాండర్స్ యుద్ధరంగంలో పీటర్ చనిపోయాడు. సమ్మతికీ మరణానికీ మధ్య రెండున్నర నెలలు కూడా లేవు.

ఆమె ఎందుకు ఒప్పించింది? కొడుకు మీద ప్రేమ లేక కాదు. ఆనాడు గాలిలో ఒక మాట వుంది, ఆ మాట ఆమె చేత ఆ పని చేయించింది. ఆ ఆగస్టులోనే ఒక రచయిత్రి పత్రికలో స్త్రీల కర్తవ్యం గురించి రాస్తూ, త్యాగం చేయడంలోని ఆనందాన్ని కొనియాడింది. ఆ మాట తనను గట్టిగా తాకిందని కోల్విట్జ్ డైరీలో రాసుకున్నది. బిడ్డలను కంటికి రెప్పలా కాచుకున్న ఆడవాళ్ళకు వాళ్ళను ఫిరంగులకు ఎదురుగా పంపే గుండె ఎక్కడి నుంచి వస్తుందని అదే చోట ఆశ్చర్యపోయింది. అంటే లొంగిపోతూనే అనుమానపడుతున్నది.

ఇక్కడ భాషకు సంబంధించిన సంగతి ఒకటుంది. తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి కనుక దాన్ని దాటి పోలేను. జర్మన్‌లో "ఓప్ఫర్" అనే మాట వుంది. దానికి త్యాగం అనీ అర్థం, బలి అయినవాడు అనీ అర్థం. ఇచ్చేదీ, ఇవ్వబడినవాడూ ఒకే మాటలో ఇమిడిపోతారు. మనకు త్యాగం వేరు, బలి వేరు. త్యాగం అన్నప్పుడు మన దృష్టి ఇచ్చేవాడి మీద వుంటుంది, బలి అన్నప్పుడు పోయేవాడి మీద. తన ప్రాణం తాను ఇస్తే త్యాగం, ఇంకొకరి ప్రాణం ఇస్తే బలి. తల్లి కొడుకును ఇవ్వడం ఈ రెండిటిలో ఏది? మన వీరమాత కవిత్వమంతా ఈ ప్రశ్నను దాటవేసి, బలికి త్యాగమని పేరు పెట్టింది. నా ఎనిమిది పద్యాలూ అందులో భాగమే.

1914లో సమ్మతించింది ఆమె ఒక్కతే కాదు. అక్టోబరులో జర్మనీకి చెందిన 93 మంది పండితులు, శాస్త్రజ్ఞులు, రచయితలు, కళాకారులు తమ సైన్యాన్ని సమర్థిస్తూ ప్రపంచానికి ఒక ప్రకటన విడుదల చేశారు. సంతకాలు చేసినవారిలో మాక్స్ ప్లాంక్ వున్నాడు, చిత్రకారుడు మాక్స్ లీబర్‌మన్ వున్నాడు. "నేతగాళ్ళు" రాసిన హాప్ట్‌మన్ కూడా వున్నాడు. ఆకలితో మగ్గాలు వదిలి తిరగబడినవారి మీద సైన్యం కాల్పులు జరపడాన్ని రంగస్థలం మీద చూపించిన నాటకకర్తే, ఆ సైన్యం బెల్జియంలో అడుగుపెట్టినప్పుడు దాని తరఫున సంతకం చేశాడు. ఒక రచన అభ్యుదయకరమైనంత మాత్రాన రచయిత జీవితాంతం అటే నిలబడతాడని మనం ధీమాగా వుండనక్కరలేదు. ఆ ప్రకటనకు జవాబుగా నికొలాయ్ అనే శరీరశాస్త్ర ఆచార్యుడు ఐరోపా వాసులకు మరో విజ్ఞప్తి తయారు చేశాడు. దాని మీద సంతకాలు నాలుగే. ఒకటి నికొలాయ్‌ది, ఒకటి ఐన్‌స్టీన్‌ది, ఒకటి ఓటో బూక్‌ది. నాలుగో సంతకం ఖగోళ శాస్త్రవేత్త ఫోర్‌స్టర్‌ది. ఈ ముసలాయన మొదటి ప్రకటన మీద కూడా సంతకం చేసి, తరువాత మనసు మార్చుకున్నవాడు. నాకు ఆ నలుగురిలో ఐన్‌స్టీన్ కన్నా ఈయన మీదనే ఆసక్తి ఎక్కువ.

రాజకీయరంగంలోనూ ఇదే కథ నడిచింది. కార్ల్ లీబ్‌నెక్ట్ పేరు వినగానే మనకు యుద్ధానికి ఎదురొడ్డిన వీరుడు గుర్తుకొస్తాడు. అది నిజమే. 1907లోనే ఆయన సైనికవాదం మీద పుస్తకం రాసి పద్ధెనిమిది నెలలు కోట జైలులో వున్నాడు. సైనికవాదం అంటే పొరుగుదేశం మీద ఎత్తిన తుపాకి మాత్రమే కాదనీ, అదే తుపాకి స్వదేశంలో కార్మికుల మీదకు కూడా తిరిగివుంటుందనీ ఆ పుస్తకంలో విడమరచి చెప్పాడు. 1913లో క్రుప్ ఆయుధ కంపెనీ ప్రభుత్వ రహస్యపత్రాల కోసం అధికారులకు లంచాలిస్తున్నదని పార్లమెంటులో బయటపెట్టాడు. అటువంటివాడు కూడా 1914 ఆగస్టు 4న యుద్ధ రుణాలకు అనుకూలంగా ఓటు వేశాడు.

యుద్ధ రుణాలంటే యుద్ధం నడపడానికి ప్రభుత్వం తెచ్చే అప్పుకు పార్లమెంటు ఇచ్చే మంజూరు. ముందురోజు సోషల్ డెమోక్రాట్ సభ్యుల అంతరంగిక సమావేశంలో మంజూరు చేద్దామన్నవారు 78 మంది, కూడదన్నవారు 14 మంది. లీబ్‌నెక్ట్ ఆ 14 మందిలో వున్నాడు. కాని సభలో పార్టీ అంతా ఒకే మాట మీద వుండాలన్నది క్రమశిక్షణ. ఆ క్రమశిక్షణకు కట్టుబడి అందరితోపాటు చెయ్యెత్తాడు. ఇంకా విచిత్రమేమిటంటే పార్టీ తరఫున మద్దతు ప్రకటన చదివిన హూగో హాజే కూడా లోపల వ్యతిరేకించినవాడే. తనకు నచ్చని మాటను తన గొంతుతోనే చదివి వినిపించాడు. సంఘాలలో పనిచేసిన వాళ్ళెవరికైనా ఈ దృశ్యం కొత్తగా వుండదు.

డిసెంబరు 2న రెండోసారి రుణాల ప్రస్తావన వచ్చింది. ఈసారి నిండు సభలో లీబ్‌నెక్ట్ ఒక్కడే వ్యతిరేకంగా ఓటు వేశాడు. తన కారణాలు రాసి ఇస్తే అధ్యక్షుడు వాటిని సభా కార్యక్రమాల రికార్డులో చేర్చడానికి నిరాకరించాడు. అవి రహస్యంగా కరపత్రమై జనంలోకి పోయాయి. 1915 ఫిబ్రవరిలో ఆయనను సైన్యంలోకి లాగి యుద్ధరంగంలో కూలిపనికి పంపారు. ఆ మే నెలలో ప్రధాన శత్రువు స్వదేశంలోనే వున్నాడని చెప్పే కరపత్రం రాశాడు. 1916 మే 1న బెర్లిన్ పోట్స్‌డామ్ కూడలిలో సైనిక దుస్తులు లేకుండా నిలబడి యుద్ధానికీ ప్రభుత్వానికీ వ్యతిరేకంగా నినాదమిస్తే అరెస్టు చేశారు. జూన్ 28న సైనిక న్యాయస్థానం రెండున్నరేళ్ళ శిక్ష వేసిన రోజున బెర్లిన్ ఆయుధ కర్మాగారాలలో దాదాపు 55,000 మంది కార్మికులు పని ఆపేశారు. పై విచారణలో ఆ శిక్షను నాలుగేళ్ళ ఒక నెలకు పెంచారు. ఆగస్టు 4 నాటి ఓటును ఆయన జీవితచరిత్రలలో కొందరు క్లుప్తంగా దాటేస్తారు. దాటెయ్యకూడదు. ఆ నాలుగు నెలల దూరాన్ని గుర్తించకపోతే డిసెంబరు 2 విలువ మనకు తెలియదు.

కోల్విట్జ్‌కు నాలుగు నెలలు సరిపోలేదు. నాలుగేళ్ళు పట్టింది. ఇందులో ఆమె బలహీనతను చూసేవారుంటారు. నేను నిజాయితీని చూస్తాను. యుద్ధం తప్పని ఒప్పుకుంటే కొడుకు దేనికోసం చచ్చిపోయినట్టు? అతని నమ్మకాన్ని కాదంటే అతనికి ద్రోహం చేసినట్టు కాదా? 1916 డైరీలో ఈ మథనం కనిపిస్తుంది. యుద్ధంలో పిచ్చితనం తప్ప మరేమీ కనిపించడంలేదనీ, ఆ మాట అంటే పీటర్‌కు విశ్వాసం తప్పినట్టవుతుందా అనీ ఆమె తనను తాను అడుగుకుంటుంది. పాలకవర్గాలకు చనిపోయినవారు రెండుసార్లు పనికొస్తారు. బతికివున్నప్పుడు సైనికులుగా, పోయాక మిగిలినవారి నోళ్ళు మూయించడానికి. వాళ్ళ త్యాగాన్ని వృథా కానిస్తామా అన్న మాట ఏ దేశంలో యుద్ధం జరిగినా వినపడుతుంది. మనమూ విన్నాం. ఆ మాటకు జవాబు చెప్పడం పరాయివాళ్ళకు సులువు, తల్లికి కష్టం.

ఆమె చెప్పిన జవాబు 1918 అక్టోబరులో వచ్చింది. జర్మనీ ఓటమి అంచున వున్నప్పుడు రిషార్డ్ డేమెల్ అనే ప్రసిద్ధ కవి, యాభై ఏళ్ళ వయసులో తానే సైన్యంలో చేరినవాడు, ఇంకా మిగిలిన యువకులంతా స్వచ్ఛందంగా ముందుకు రావాలని సోషల్ డెమోక్రాట్ దినపత్రిక "ఫోర్‌వర్ట్స్"లో పిలుపునిచ్చాడు. కొద్ది రోజులకే అదే పత్రికలో కోల్విట్జ్ బహిరంగలేఖ అచ్చయింది. పోయినవారు చాలు, ఇక ఒక్కడు కూడా పోకూడదన్నది దాని సారం. చివర గేథే మాట ఒకటి వాడుకున్నది. విత్తనాల కోసం దాచిన గింజలను పిండి పట్టకూడదని దాని భావం. మన పల్లెల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేని పోలిక. ఎంత కరువులోనైనా విత్తనపు గాదె జోలికి పోరు. ఒక ప్రసిద్ధ కవికి ఒక తల్లి బహిరంగంగా ఎదురు చెప్పడం అదే మొదలు కాకపోవచ్చు గాని, ఆ తల్లి నాలుగేళ్ళ కిందట అటువంటి పిలుపుకే తలవంచి కొడుకును పంపినది కావడం వల్ల ఆ లేఖకు ఎదురులేకపోయింది.

ఇక శిల్పం సంగతి. లేఖ రాయడం అయింది గాని చిత్రం కుదరలేదు. యుద్ధం గురించి రేఖాచిత్రాలు వేసింది, రాగిరేకు మీద, రాతి అచ్చు మీద ప్రయత్నించింది. ఏదీ తృప్తినివ్వలేదు. 1919 జనవరి 15న లీబ్‌నెక్ట్‌నూ రోజా లక్సెంబర్గ్‌నూ సైనికాధికారులు హత్య చేశారు. లీబ్‌నెక్ట్ కుటుంబం కోల్విట్జ్‌ను పిలిపించి, శవాగారంలో ఆయన రూపాన్ని గీయించింది. ఆమె కమ్యూనిస్టు కాదు, ఆయన రాజకీయ మార్గంతో ఏకీభవించలేదు. అయినా కార్మికులు తమ నాయకుణ్ణి సాగనంపే దృశ్యాన్ని చిత్రించే హక్కు కళాకారిణిగా తనకున్నదని డైరీలో వాదించుకున్నది. ఆ స్మారకచిత్రాన్ని కూడా ముందు రాగిరేకు మీద, తరువాత రాతి మీద చేసి విడిచిపెట్టి, 1920లో ఎర్న్‌స్ట్ బార్లాఖ్ చేసిన వుడ్‌కట్‌లు చూశాక కొయ్య చేతపట్టింది.

వుడ్‌కట్ అంటే కొయ్యపలక మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్దడం. చెక్కిన చోట తెలుపు, వదిలిన చోట నలుపు. రాగిరేకు మీద, రాతి మీద సన్నని బూడిదరంగు ఛాయలు, పలచని వెలుగునీడలు తెప్పించవచ్చు. కొయ్యలో అవి కుదరవు. వుంచాలో తీసెయ్యాలో ప్రతిచోటా తేల్చుకోవాలి. తీసేసినది తిరిగి రాదు. బూడిదరంగు ఛాయలు జాలికి బాగా పనికొస్తాయి, చూసేవాడి మనసును మెత్తబరుస్తాయి. ఆమె చెప్పదలచుకున్నది జాలి కాదు కనుక ఆ పనిముట్టు పనికిరాలేదు. వస్తువు శిల్పాన్ని నిర్ణయిస్తుందని మనం సభల్లో తరచూ అంటాం. అది ఎలా జరుగుతుందో చూడాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అలా 1921–22లో చెక్కి 1923లో ప్రచురించిన "యుద్ధం" వరుసలో ఏడు చిత్రాలున్నాయి. బలి, స్వచ్ఛంద సైనికులు, తల్లిదండ్రులు, వితంతువు రెండు చిత్రాలు, తల్లులు, ప్రజలు. యుద్ధం అని పేరు పెట్టిన ఈ ఏడింటిలో తుపాకి లేదు, కందకం లేదు, శత్రువు లేడు. మరుసటి ఏడాది ఓటో డిక్స్ అదే పేరుతో యాభై చిత్రాలు ప్రచురించాడు. అతను కందకంలో మరతుపాకి పట్టినవాడు, కుళ్ళిన శవాలను, చీలిన ముఖాలను యథాతథంగా చూపించాడు. అదీ అవసరమైన పనే. కోల్విట్జ్ చూసిన యుద్ధం మాత్రం ఇంట్లో జరిగినది.

మొదటి చిత్రం పేరు "ఓప్ఫర్". నగ్నంగా వున్న తల్లి పసిబిడ్డను రెండు చేతులతో ముందుకు చాస్తుంది. కళ్ళు మూతబడివున్నాయి. ఆమె వెనక నల్లటి వస్త్రం గుహలా ముడుచుకుని వుంటుంది. ఆమె చేతుల్లోంచి బిడ్డను ఎవరూ లాక్కోవడంలేదు. ఎదుట ఎవరూ లేరు. ఆమే ఇస్తున్నది. ఆ మాటలోని రెండర్థాలూ ఇక్కడ ఒకే శరీరంలో కనిపిస్తాయి. రెండోది "స్వచ్ఛంద సైనికులు". మృత్యువు డోలు వాయిస్తూ ముందు నడుస్తుంటే యువకులు పారవశ్యంతో, నోళ్ళు తెరిచి, ఒకరిమీద ఒకరు పడుతూ వెంట పోతున్నారు. మృత్యువుకు పక్కనే వున్న కుర్రవాడు పీటర్. పేరులో స్వచ్ఛందం వుంది, చిత్రంలో స్వేచ్ఛ లేదు. అయినా ఆమె ఆ యువకులను మూర్ఖులుగా గీయలేదు. ఆ ముఖాల్లో నిజమైన పారవశ్యం వుంది, దాన్ని దాచలేదు. యుద్ధం మీద వెళ్ళగక్కిన మన కవితలు చాలావాటిలో ఈ పారవశ్యం కనపడదు. యుద్ధం ఎవరినీ ఆకర్షించనట్టే రాస్తాం. ఎవరినీ ఆకర్షించని దానికి లక్షలమంది ఎలా వెళతారు?

ఇక్కడ అభ్యంతరం ఒకటి వస్తుంది, రావాలి కూడా. తల్లి సమ్మతించింది కనుక యుద్ధం వచ్చిందా? మార్కెట్ల కోసం, వలసల కోసం సామ్రాజ్యవాదులు కొట్టుకున్న యుద్ధానికి ఒక గృహిణి ఆత్మనింద జవాబవుతుందా? కాదు. క్రుప్ కర్మాగారం కోల్విట్జ్ వంటగది వల్ల నడవలేదు. కారణాలు వెతకాలంటే లీబ్‌నెక్ట్ ప్రసంగాలకూ, రోజా లక్సెంబర్గ్ 1915లో జైల్లో కూర్చుని రాసి 1916లో జూనియస్ మారుపేరుతో వెలువరించిన చిన్న పుస్తకానికీ పోవాలి. కాని ఆ కారణాలు ప్రతి ఇంటి తలుపూ తట్టి సంతకం అడిగే ఘడియ ఒకటుంటుంది. ఆర్థికశాస్త్రం ఆ గడప దాకా తీసుకువస్తుంది. గడప లోపల ఏం జరిగిందో చెప్పవలసింది సాహిత్యమూ కళా.

రెండో అభ్యంతరం ఇంకా చిక్కుది. 1924లో లైప్‌జిగ్‌లో జరిగిన సోషలిస్టు యువజనుల సమావేశానికి ఆమె "మళ్ళీ యుద్ధం వద్దు" అనే గోడపత్రిక చేసి ఇచ్చింది. చెయ్యెత్తి ప్రమాణం చేస్తున్న ఆ యువకుడి బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. మరి ఫాసిజం వచ్చినప్పుడో? తెలుగు అభ్యుదయ రచయితలు 1943లో తెనాలిలో మొదటి మహాసభ జరుపుకున్నప్పుడు ఫాసిజం మీద యుద్ధం సాగుతున్న రోజులవి. హిట్లర్‌ను ఆయుధంతోనే ఓడించాలని వాళ్ళు నమ్మారు, ఆ నమ్మకం తప్పని నేను అనలేను. కనుక అన్ని యుద్ధాలూ ఒకటే అనే శాంతివాదం దగ్గర నేను ఆగలేను. కోల్విట్జ్ కూడా చేతులు ముడుచుకుని కూర్చున్న శాంతివాది కాదు. నాజీలను ఆపడానికి రెండు కార్మిక పార్టీలు ఏకం కావాలన్న అత్యవసర విజ్ఞప్తి మీద సంతకం చేసింది. అందుకే 1933 ఫిబ్రవరిలో ఆమెనూ హైన్‌రిఖ్ మన్‌నూ ప్రష్యన్ అకాడమీ నుంచి వెళ్ళగొట్టారు. 1914లో సంతకం అడిగిన రాజ్యానికి సరేనన్న మనిషి, 1933లో రాజ్యం వద్దన్న చోట సంతకం పెట్టింది. 1936లో గెస్టపో ఇంటికి వచ్చి విచారించింది. 1942 నాటికి గేథే మాటనే పేరుగా పెట్టి చివరి రాతి అచ్చు చేసింది. అందులో ముసలి తల్లి ముగ్గురు పిల్లలను కోటు కింద చేతులతో అదిమి పట్టుకుని వుంటుంది. ఆ పిల్లలు పారిపోవాలని తొంగిచూసే కొంటె కుర్రాళ్ళు. మొదటి చిత్రంలో బిడ్డను చాచిన చేతులు ఇక్కడ మూసుకున్నాయి. ఆ ఏడాది సెప్టెంబరులోనే మనవడు, చనిపోయిన మేనమామ కాదు, చిన్నాన్న పేరు పెట్టుకున్న పీటర్, తూర్పురంగంలో చనిపోయాడు.

ఈ చిత్రాలు మన ఖండానికి త్వరగానే వచ్చాయి. 1931లో షాంఘైలో యువ రచయిత రౌషీని కువోమింటాంగ్ ప్రభుత్వం కాల్చి చంపినప్పుడు, లూసున్ అతని స్మృతిలో ఒక పత్రికలో అచ్చు వేయించిన బొమ్మ ఈ "ఓప్ఫర్"నే. రౌషీ తల్లికి కంటిచూపు లేదు. కొడుకు పోయిన సంగతి ఆమెకు చెప్పలేదు. ఎక్కడో బెర్లిన్‌లో చెక్కిన తల్లిని లూసున్ ఆమె కోసం ఎంచుకున్నాడు. 1936లో కోల్విట్జ్ చిత్రాల సంపుటిని కూడా చైనాలో ప్రచురించాడు. బెంగాల్‌లో తెభాగా రైతుపోరాటాన్ని చిత్రించిన సోమ్‌నాథ్ హోర్ కూడా ఆమె ప్రభావం వున్నవాడే.

రాజ్యం మాత్రం వేరే బొమ్మను ఎంచుకున్నది. కోల్విట్జ్ 1937–38లో చేసిన చిన్న కంచు శిల్పం ఒకటుంది, చనిపోయిన కొడుకును ఒళ్ళో పెట్టుకున్న తల్లి. మోకాలి ఎత్తు కూడా వుండదు. 1993లో జర్మన్ ప్రభుత్వం దాన్ని నాలుగు రెట్లు పెంచి, బెర్లిన్‌లో ఒకప్పటి ప్రష్యన్ రాజుల కాపలాభవనంలో ప్రతిష్ఠించింది. యుద్ధానికీ నిరంకుశత్వానికీ బలైనవారికి అంకితమని నేల మీద రాయించింది. అక్కడ కూడా "ఓప్ఫర్" మాటే. చంపినవారినీ చంపబడినవారినీ ఒకే మాటలో కలిపేశారని అప్పట్లో చాలామంది నిరసన తెలిపారు. నాకు కనిపించేది ఇంకొకటి. ఆ భవనంలో ఏడ్చే తల్లికి చోటు దొరికింది. డోలు వెంట పరుగెత్తే "స్వచ్ఛంద సైనికులు" గాని, చేతులు చాచి ఇస్తున్న తల్లి గాని అక్కడ నిలబడగలవా? ఏ ప్రభుత్వమైనా తల్లి కన్నీటి ముందు తలవంచగలదు, పుష్పగుచ్ఛం పెట్టగలదు. తల్లి సంతకం ఎవరు అడిగారన్న ప్రశ్న దగ్గర పుష్పగుచ్ఛం పెట్టడం కుదరదు.

పీటర్ కోసం ఆమె తలపెట్టిన స్మారకం 1914 డిసెంబరులో మొదలై 1932లో ముగిసింది. మొదటి ఆలోచనలో కొడుకు పడుకుని వుంటాడు, తల దగ్గర తండ్రి, పాదాల దగ్గర తల్లి. దాన్ని 1919లో విడిచిపెట్టింది. చివరికి బెల్జియం శ్మశానంలో నిలిపిన రెండు రాతిబొమ్మలలో కొడుకు లేడు. ఇద్దరు ముసలివాళ్ళు విడివిడి పీఠాల మీద మోకరిల్లి వున్నారు. తండ్రి తన చేతులతో తననే బిగించి పట్టుకున్నాడు. తల్లి వంగిపోయివుంది. ముఖాలు కార్ల్‌వీ కేథేవీ. దైవం ముందు మోకరిల్లినట్టు లేదు, ఎదురుగా వున్నవి సమాధులే. క్షమాపణ అడుగుతున్నారని నేను చదువుకున్నాను.

పోటీకి వచ్చిన ఆ ఒక్క కవిత సంగతి మిగిలింది. రాసింది తొమ్మిదో తరగతి అమ్మాయి. అన్నకు సైన్యం ఎంపికకు పిలుపు వస్తుంది. అమ్మ అతని సర్టిఫికెట్లు జిరాక్సు తీయిస్తుంది, పొదుపు సంఘం డబ్బులోంచి బస్సు ఛార్జీలిస్తుంది, తెల్లవారుజామున లేచి పులిహోర కలుపుతుంది. పొట్లం కడుతూ వద్దనాలా అని ఒకసారి ఆగుతుంది. అప్పు గుర్తొచ్చి తాడు ముడి వేస్తుంది. అక్కడితో కవిత అయిపోయింది. యుద్ధం ఊసు లేదు, శాంతి అనే మాట లేదు. అంశానికి దూరంగా వుందని మిగిలిన ఇద్దరు నిర్ణేతలు అన్నారు. నేను గట్టిగా వాదించలేదు. మూడో బహుమతి ఇచ్చాం.